నల్లపోగుల జంపఖానా

పోలీసు శాఖలో నా ఉద్యోగమంతా కలంతోనే గడిచింది. లాఠీ పట్టడం శిక్షణలో నేర్పారు గానీ దానితో నాకు పెద్దగా పని పడలేదు. దస్తూరి గుండ్రంగా ఉంటుందని, ఉర్దూ తెలుగు రెండూ వచ్చునని, వరంగల్లులో ఒక ఠాణాలో నన్ను స్టేషన్ రైటరుగా కూర్చోబెట్టారు. ఠాణాకు వచ్చిన మనిషి నోటితో చెప్పింది కాగితం మీదికి ఎక్కించడం రైటరు పని. ఆ కాగితం మీదనే కేసు నిలబడి కోర్టు దాకా నడుస్తుంది. కొత్తగా ఈ కొలువులో చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి, మీ కాలపు పెద్ద కేసు ఒకటి చెప్పమని అడుగుతుంటారు. హత్యలో, బందిపోట్లో వస్తారని వాళ్ల ఆశ. నేను జంపఖానా కథ మొదలుపెడతాను. పాపం, ముఖాలు కాస్త వాడిపోతాయి. మా ఇంట్లో చాయ్ తాగారు కాబట్టి వినక తప్పదు.

అది యాభైల చివర. కొత్త రాష్ట్రం ఏర్పడి రెండు మూడేళ్లయింది. పై నుంచి ఉత్తర్వులు ఇంగ్లీషులో వచ్చేవి. కోర్టులో సాక్షులు తెలుగులో చెప్పేవాళ్లు. మా ఠాణా రిజిస్టర్లు మాత్రం పాత అలవాటు కొద్దీ ఇంకా ఉర్దూలోనే నడుస్తుండేవి. రాసేవాళ్లం ఇద్దరం, నేనూ, నాకు పని నేర్పిన జమేదారూ. జమేదారంటే హెడ్ కానిస్టేబులు, నిజాం కాలం మనిషి. పొద్దున్నే పాన్ వేసుకుని, దువ్వెనతో మీసం సరిచేసుకుని, అప్పుడు గానీ సిరాబుడ్డి మూత తీసేవాడు కాడు.

ఆయన నేర్పిన విద్య ఒక్కటే. ఫిర్యాదు ఇచ్చేవాడు వంద మాటలు చెబుతాడు, కేసుకు పనికొచ్చేవి అందులో పది, ఆ పది ఉంచుకుని మిగతావి వడగట్టాలి. వదిలేసిన ప్రతి మాటా అవతలి వకీలుకు దొరకకుండా పోయిన మాటే. ప్రతి నేరానికీ ఆయన దగ్గర ఒక అచ్చు ఉండేది. కొట్లాటకొకటి, దొంగతనానికొకటి. దోపిడీకి రాసేదాన్ని పాత భాషలో సర్ఖా బిల్ జబర్ అనేవాళ్లం, అంటే బలవంతపు దొంగతనం. అందులో పేర్లు, చోటు, వేళ మారతాయి గానీ 'దోచుకొనే ఉద్దేశంతో మీద పడి కొట్టి' అన్న ముక్క ఎప్పుడూ మారేది కాదు. ఆరు నెలల్లో ఆ అచ్చులన్నీ నాకు నోటికి వచ్చేశాయి. మనిషి మాట పూర్తి చేసేలోపు నా కాగితం పూర్తయ్యేది. జమేదారు అందరి ముందూ నా వీపు తట్టాడు. నేను ఉబ్బిపోయాను.

ఒకరోజు పదకొండు గంటలప్పుడు ఇద్దరు కానిస్టేబుళ్లు ఇద్దరు మనుషులను, చుట్టచుట్టిన ఒక జంపఖానాను ఠాణాలోకి తెచ్చారు. ఒకాయనకు అరవై దాటి ఉంటాయి. తెల్లచొక్కా మీద రక్తం బొట్లు, పెదవి చిట్లింది, మోచెయ్యి గీసుకుపోయింది. కేసముద్రం పక్క ఒక పల్లెలో మిషన్ బడి పంతులు. ఊళ్లో ప్రార్థన మందిరంలో నేల మీద పరచడానికి, రైలు స్టేషన్ దారిలో తిరిగి అమ్ముకునే ఒకతని దగ్గర ఆ జంపఖానా కొన్నాడట. భుజాన వేసుకుని రైలుకు పోతుంటే వెనక నుంచి ఒకడు వచ్చి గుంజాడు. పంతులు వదల్లేదు. వాడు నెట్టేశాడు, ఈయన బోర్లాపడ్డాడు.

రెండోవాడు ఆ గుంజినవాడు. ముప్ఫై ఏళ్ల మనిషి. మట్టెవాడలో జంపఖానాలు నేసే ముసల్మాను. ఒళ్లంతా నూలు ధూళి. మా సబ్ ఇన్‌స్పెక్టరు అడిగిన ప్రతిదానికీ ఒకటే మాట చెప్పాడు, అది నా చెయ్యి పని అని. నా వైపు తిరిగి, "మీకెరుకే గద సాబ్" అన్నాడు. దొరికిన ప్రతివాడూ ఎవరో ఒకరిని సాక్ష్యానికి పిలుస్తాడు కదా అనుకుని నేను తలెత్తలేదు. సబ్ ఇన్‌స్పెక్టరు వాణ్ణి లాకప్పులోకి తోయించాడు. పట్టపగలు, నడిరోడ్డు మీద దోపిడీ, వస్తువు చేతిలో ఉండగా దొరికిన మనిషి. ఇంత తేలిక కేసు ఆ ఏడాదిలో రాలేదని ఆయన సంతోషం.

పంతులు చెబుతుంటే నేను రాశాను. ఆయనది బడిపంతులు లెక్క, ఒక్క మాట వదలకుండా మొదటి నుంచి చెబుతాడు. గుంజేటప్పుడు వాడు, 'ఇది నాది, నీకెక్కడిది, నా ఇంట్ల నుంచి పోయింది' అని అరిచాడని కూడా చెప్పాడు. ఆ మాట నా చెవిన పడింది. వడగట్టాను. అచ్చులో దానికి చోటు లేదు మరి. కాగితం ఉర్దూలో ఉంది. పంతులుకు తెలుగూ ఇంగ్లీషూ వచ్చు గానీ ఉర్దూ చదవడం రాదు. నేనే రెండు ముక్కల్లో సారాంశం చెప్పి సంతకం చేయించుకున్నాను. ఆయన పెట్టబోతూ ఆగి, "అన్ని రాసినవా బిడ్డా?" అని అడిగాడు. రాశానన్నాను.

సెక్షన్ మూడు వందల తొంభై నాలుగు. దోపిడీ చేయబోతూ గాయపరచడం. చట్టంలో దానికి పదేళ్ల దాకా ఉంది, ఇంకా పైన కూడా ఉంది. నేతగాడికి జామీను నిలబడేవాళ్లు లేక సబ్ జైలులో ఉండిపోయాడు. ఇంట్లో బాలింత, నెలల పిల్ల ఉన్నారని, మగ్గం మూలపడ్డదని ఎవరో అన్నారు. ఠాణాలో ఇటువంటివి రోజూ వింటాం. విని మళ్లీ రాతలో పడతాం.

కేసు పిలిచే రోజు రానే వచ్చింది. అప్పట్లో మేజిస్ట్రేటు కోర్టులో మా తరఫున వాదించే ప్రాసిక్యూటరు కూడా పోలీసు శాఖ మనిషే. ఆయన వరండాలో పంతులును పక్కకు పిలిచి, అడిగినదానికి మాత్రమే జవాబు చెప్పమన్నాడు. అది వాడి వస్తువే అన్నట్టు మాట్లాడితే దొంగసొత్తు కొన్నవాడివి నువ్వవుతావు, జాగ్రత్త అని కూడా అన్నాడు. పంతులు తలవంచుకుని విన్నాడు. నేను ఫైలు చంకన పెట్టుకుని ఆ పక్కనే ఉన్నాను. భయపడ్డాడనే అనుకున్నాను.

మేజిస్ట్రేటు కోస్తా వైపు నుంచి కొత్తగా వచ్చాడు. సన్నగా, కళ్లద్దాలతో, ఎప్పుడూ గొంతు పెంచని మనిషి. నేను ఉర్దూలో రాసిన ఫిర్యాదును తెలుగులో చదివి వినిపించారు. పంతులు బోనులో నిలబడి, చేతులు వెనక కట్టుకుని, చివరి దాకా విన్నాడు. ప్రాసిక్యూటరు అడిగాడు, ఇది నువ్వు చెప్పిందేనా అని.

"కొంత నేను చెప్పిందే అయ్యా. ఇంకో మాట చెప్పిన, అది ఇందుల లేదు. ఇది నాది, నా ఇంట్ల నుంచి పోయిందని ఈ పిలగాడు మొత్తుకుంట గుంజిండు. దోచుకుంటాండని నేను చెప్పలె. నన్ను నెట్టిండు, అది నిజం. ఎందుకు నెట్టిండో నాకు తెలువది. తెలువని మాట నా పేరు మీద రాస్తె ఎట్ల?"

ప్రాసిక్యూటరు కోపం ఆపుకుంటూ, అయితే నువ్వు దొంగసొత్తు కొన్నావన్నమాట అన్నాడు. కొని ఉంటే కొని ఉంటానని, తెలిసి కొనలేదని, ఆ సంగతి కోర్టువారే తేల్చాలని పంతులు అన్నాడు. మాట మార్చలేదు. నా చంకలోని ఫైలు చెమటకు తడిసింది. రెండు ముక్కల్లో చెప్పి సంతకం తీసుకున్న నా తొందరంతా అందరి ముందూ ఆరేసినట్టయింది.

అప్పుడు మేజిస్ట్రేటు ప్రాసిక్యూటరుకు చెప్పిన మాటలు నాకు ఇప్పటికీ గుర్తు. ఇన్నేళ్లూ అచ్చులు రాశాను గానీ వాటి లోపల ఏముందో ఆ రోజే తెలిసింది.

"దోపిడీ అనాలంటే దాని లోపల దొంగతనమో, దొంగతనం చేయబోవడమో ఉండాలండి. దొంగతనం అనాలంటే పరాయి వస్తువును అన్యాయంగా తీసుకోవాలన్న దుర్బుద్ధి ఉండాలి. ఆ తీసుకోవడం కోసమే కొట్టి ఉండాలి. కొట్టాడు, ఒప్పుకుంటాను. గుంజాడు, అదీ ఒప్పుకుంటాను. తనదని నిజంగా నమ్మి గుంజినవాడిలో దుర్బుద్ధి ఎక్కడుందో చూపించండి."

నమ్మాడని ఏమిటి రుజువు, దొరికిన ప్రతి దొంగా ఆ మాటే అంటాడు కదా అన్నాడు ప్రాసిక్యూటరు. అదీ సబబైన ప్రశ్నే. మేజిస్ట్రేటు నేతగాడి వైపు తిరిగాడు. వాడికి వకీలు లేడు. ఇది నీదని ఎలా చెప్పగలవని అడిగాడు.

వాడు నెమ్మదిగా చెప్పాడు. యజమానికి నేసే జంపఖానాల్లో తెగిపోయిన పోగులు, పనికిరాని నూలు ముక్కలు మూడేళ్లు ఏరి పెట్టుకున్నాడట. ఊరందరికీ నేసినా వాళ్లింట్లో పరచుకోవడానికి ఒక్కటీ లేదు. యజమాని పని అయ్యాక రోజూ సాయంత్రం కాసేపు దీన్ని నేశాడు. మట్టెవాడలో వాళ్ల వాడకట్టు నేతగాళ్లకు ఒక అలవాటు ఉంది. ఏ రోజు పని ఎంతయిందో యజమానికి చూపడానికి, దిగేటప్పుడు అంచున ఒక నల్లపోగు వేసి దిగుతారు. సరుకు అమ్మేముందు ఆ పోగులు పీకేస్తారు. ఇది ఇంటిది కాబట్టి వాడు పీకలేదు.

మేజిస్ట్రేటు వాణ్ణి గోడ వైపు తిరిగి నిలబడమన్నాడు. గుమాస్తా తాడు విప్పి జంపఖానాను కోర్టు నేల మీద పరిచాడు. నేను దాన్ని పరిచి చూడడం అదే మొదటిసారి. ఠాణాలో అది చుట్టగానే ఉండిపోయింది. ఎన్ని రంగులో అందులో. ఎర్ర, పసుపు, ఆకుపచ్చ, ఒకచోట మొదలై ఇంకోచోట ఆగిపోయే నీలం. చూస్తే అస్తవ్యస్తంగా ఉంది, అయినా కళ్లు తిప్పుకోలేం. నేతగాడు గోడను చూస్తూ చెప్పసాగాడు.

"ఎర్రంచు కాడికెళ్లి చూడుండ్రి సాబ్. మొదటి పొద్దు జాన మీద నాలుగు వేళ్లు. రెండో పొద్దు జానెడు. మూడో పొద్దు రెండు వేళ్లే, ఆ పొద్దు మా బిడ్డ పుట్టింది, కబురొస్తె దిగి పోయిన. నాలుగో పొద్దు మగ్గమెక్కలె. ఐదో పొద్దు జాన మీద ఆరు వేళ్లు, సంతోషంల గుంజి నేసిన."

గుమాస్తా తన చేత్తో కొలవబోతే సరిపోవడం లేదు. ఎవరి జాన వారిది కదా. మేజిస్ట్రేటు ఒక ఫైలు తాడు తీసి, దానితో నేతగాడి జానను కొలిపించి ముడి వేయించాడు. వాడు గోడ వైపే ఉన్నాడు, చెయ్యి మాత్రం వెనక్కి చాచాడు. ఆ తాడుతో కొలిస్తే మొదటి నల్లపోగు సరిగ్గా వాడు చెప్పినచోటే ఉంది. రెండోది, మూడోది కూడా అంతే. వాడు చెబుతూనే ఉన్నాడు. ఎనిమిదో రోజు నీలం నూలు అయిపోతే సగంలో ఆకుపచ్చ కలిపిన చోటు. తొమ్మిదో రోజు వేలు తెగి, పంటితో ముడివేస్తే అడుగు వైపు జొన్నగింజంత బుడిపె పడిన చోటు. పదకొండో రోజు వాన వస్తే దీపం పెట్టుకుని ముగించిన చివరి బెత్తెడు.

మేజిస్ట్రేటు కుర్చీ దిగి వచ్చాడు. బూట్లు విప్పి పక్కన పెట్టి, జంపఖానా మీద మోకాళ్ల మీద కూర్చుని, ఒక మూల తిరగేసి వేళ్లతో తడిమాడు. బుడిపె దొరికింది. వేలు దాని మీదే కాసేపు ఉంచాడు. నేనూ రోజంతా వరుసలు నింపే మనిషినే. నిన్న రాసిన కాగితంలో ఏముందో ఇవాళ అడిగితే చెప్పలేను. ఈ మనిషి గోడను చూస్తూ, తన చేతుల్లోంచి వెళ్లిన ప్రతి పోగునూ లెక్క చెబుతున్నాడు.

మేజిస్ట్రేటు మళ్లీ కుర్చీలోకి వెళ్లి, వాణ్ణి ఇటు తిరగమని, ఒక్కటి అడిగాడు. పోయినప్పుడు పోలీసులకెందుకు చెప్పలేదని.

"చెప్పిన సాబ్. ఎండకారు మొదట్ల ఇంటి ముంగట ఆరేసిన కాడ్నుంచి పోయింది. ఠాణకు పోయి రాసే సారుకు చెప్పిన. జంఖానకు కేసేంది, ఏడన్న కండ్లవడితె గట్టిగ పట్టుకో, ఇడువకు, అప్పుడు రా అన్నరు. కండ్లవడ్డది. పట్టుకున్న."

అప్పుడు గుర్తొచ్చింది. రిజిస్టరు తనిఖీకి ఇన్‌స్పెక్టరు వస్తాడని తలవంచుకుని లెక్కలు సరిచూసుకుంటున్న ఒక మధ్యాహ్నం. ఎవరో వచ్చి బల్ల ముందు నిలబడ్డారు. తల ఎత్తకుండానే నేనన్న మాటలు అవి. అక్షరం తేడా లేకుండా నా మాటలే. నేను చెప్పింది చెప్పినట్టు చేసినవాణ్ణి నేనే దోపిడీదారుగా రాశాను.

ఠాణాలో రాసేవాళ్లు ఎందరని మేజిస్ట్రేటు అడిగాడు. ఇద్దరని ప్రాసిక్యూటరు చెప్పాడు. వాళ్లలో ఎవరో చెప్పమని నేతగాణ్ణి అడిగాడు. నేను తలుపు పక్కన ఐదడుగుల దూరంలో ఉన్నాను. వాడు కోర్టంతా ఒకసారి చూసి, నా దగ్గర ఆగాడు. కళ్లలోకి చూశాడు. నా ఉద్యోగం ఆ చూపులో వేలాడింది.

"మొఖం యాది లేదు సాబ్" అన్నాడు.

పదకొండు రోజుల ప్రతి పోగూ గుర్తున్న మనిషి అన్న మాట అది. మేజిస్ట్రేటు కళ్లద్దాల మీదుగా నన్ను ఒక్కసారి చూసి, రాసుకోవడంలో పడ్డాడు. నేను ముందుకు వచ్చి ఆ మాట అన్నది నేనేనని చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. దానికి ఇన్నేళ్లకు కూడా నా దగ్గర సంజాయిషీ లేదు. మీకు చెప్పుకోవడమే.

దోపిడీ నేరం నిలవలేదు. మామూలుగా గాయపరిచిన నేరం మిగిలింది. దానికి దెబ్బ తిన్న మనిషే రాజీ పడవచ్చు. పంతులు రాజీ కాగితం మీద సంతకం పెడుతూ, ఈసారి మొదటి నుంచి చివరి దాకా తనే చదువుకున్నాడు. నా వైపు చూసి నవ్వాడు కూడా. ఆ నవ్వులో ఎత్తిపొడుపు ఉంటే నాకు తేలికగా ఉండేది, లేదు. జంపఖానాను నేతగాడికి ఇచ్చేశారు. ఎవరి మీదా కోపం లేకుండా పంతులు ఉత్త భుజంతో కేసముద్రం రైలుకు వెళ్లిపోయాడు. సబ్ ఇన్‌స్పెక్టరు నాతో మాట్లాడకుండా సైకిలెక్కాడు. ప్రాసిక్యూటరు నా గుండ్రటి దస్తూరికి ఒక దండమన్నాడు. జమేదారు మాత్రం వరండా మెట్ల మీద నా పక్కన కూర్చున్నాడు. "వడగట్టుమన్నది నేనె గద, నీ ఒక్కనిదేం తప్పు" అన్నాడు. ఆ రోజు ఆయన పాన్ వేసుకోలేదు.

మర్నాడు డ్యూటీ దిగాక, పొద్దు ఉండగానే, నేను మట్టెవాడ వెళ్లి నేతగాడి ఇల్లు అడుగుతూ పోయాను. యూనిఫారం విప్పేసి మామూలు చొక్కాతో. లోపల పిల్ల ఏడుపు వినిపించింది. వాడు నన్ను చూసి బెదరలేదు, ఆశ్చర్యపడలేదు. జంపఖానా తెచ్చి అరుగు మీద పరిచి కూర్చోమన్నాడు. నేను చెప్పులు విప్పి ఒక అంచున కూర్చున్నాను. నిన్న ఎందుకు చెప్పలేదని అడిగాను.

"పంతులు కాడ గుంజిన నాడు నేనుగూడ ఆయిన మొఖం చూడలె సాబ్. నాకు జంఖానె కండ్లవడ్డది. ముసలాయిన కిందవడ్డంక చూసిన. మీకు ఆ పొద్దు మీ రిజిస్టరే కండ్లవడ్డది. ఇద్దరం ఒక్కటె చేసినం. ఇగ నేనేమని చెప్పాలె?"

నాకు కళ్లనీళ్లు వచ్చాయి. దాచుకోలేదు. సంచిలోంచి కాగితం, కలం తీశాను. నెలల కిందట రాయని ఫిర్యాదు ఇప్పుడు రాస్తాను, చెప్పు అన్నాను. అసలు దొంగ ఇంకా తిరుగుతూనే ఉన్నాడు కదా. వాడు మొదటి నుంచి చెప్పాడు, ఎక్కడ ఆరేసింది, ఏ వేళకు చూసుకుంది, ఎవరెవరిని అడిగింది. ఒక్క మాట వడగట్టకుండా తెలుగులో రాశాను. పూర్తిగా చదివి వినిపించాను. ఆ తర్వాత రిటైరయ్యే దాకా ప్రతి మనిషినీ అడిగిన ప్రశ్న మొదటిసారి అడిగింది అక్కడే, ఇంకా ఏమన్నా మిగిలిందా అని.

వాడు కాగితం వైపు వేలు చూపాడు.

"ఒకటున్నది, రాయుండ్రి. నేను పంతులును నెట్టిన. పెదివి పలిగింది. అది తప్పు."

రాజీ అయిపోయిందని, అది ఈ ఫిర్యాదులోకి రాదని, కేసుకు దానితో పనిలేదని చెప్పబోయాను. చెప్పలేదు. రాశాను. మళ్లీ మొదటి నుంచి చదివి వినిపించాక, వాడు నూలు రంగంటిన బొటనవేలును నా సిరాలో అద్ది ముద్ర వేశాడు.